రెండు కంప్యూటర్లను కలిపి ఆడుకునుడు ఎట్ల?



మన ల్యాబ్‌లో నడిచే కంప్యూటర్లు ఇప్పుడు రెండే మిగిలినయి. ఆదివారం మనకిచ్చే టైము గంటన్నర. ఆ గంటన్నరలో కుర్చీల మీద కూర్చునేది ఇద్దరు. మిగతా వాళ్ళమంతా వెనుక నిలబడి "అటు తిప్పు, ఇటు తిప్పు" అని అరవడమే. ఆరో తరగతి తమ్ముళ్ళకైతే మౌసు ముట్టుకునే వంతు నెలకొకసారి కూడ వస్తలేదు. లొల్లి ఎక్కువైంది, ఆటలు మొత్తమే బందు పెడితే ఎట్లుంటదని సార్లు ఆలోచిస్తున్న సంగతి అందరికీ ఎరుకే. ఆ నిర్ణయం కాకముందే ఈ పాఠం గోడ మీదికి ఎక్కాలని రాస్తున్నాను. సార్లు కూడ ఓపికతో చదవాలని మనవి.

రెండు కంప్యూటర్లను ఒక వైరుతో కలిపితే ఒకే ఆటను ఇద్దరు ఎదురెదురుగా ఆడవచ్చు. జట్లు కడితే రెండు బెంచీల పిల్లలు ఒకేసారి ఆడినట్టే. "నెట్ లేదు కదా, ఎట్ల ఆడుతం?" అని చాలా మంది అడుగుతున్నారు. ఇక్కడే మొదటి తప్పు అభిప్రాయం ఉంది. నెట్‌వర్క్ వేరు, ఇంటర్నెట్ వేరు. రెండు కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటే అది నెట్‌వర్క్. ప్రపంచంలోని అట్లాంటి నెట్‌వర్కులన్నీ ఒకదానికొకటి కలిస్తే ఇంటర్నెట్. పక్కింటితో మాట్లాడటానికి హైదరాబాద్ బస్సెక్కే పని లేదు. అమ్రాబాద్ అడవిలో సెల్ టవర్ అందని పెంటలు, దేవరకొండ దిక్కు గుట్ట ఎక్కితే గాని సిగ్నల్ దొరకని తండాలు మనకు తెలియనివా! అటువంటి చోట కూడ ఈ పద్ధతి పని చేస్తది. కావలసింది కరెంటు, వైరు. గంతే.

మొదట చేసింది హైస్కూలు పిల్లలే

ఇది 1973 నాటి మాట. అమెరికాలోని కాలిఫోర్నియాలో నాసా వాళ్ళ ఏమ్స్ పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ హైస్కూలు విద్యార్థులు పని నేర్చుకునే పథకం ఒకటి ఉండేది. అందులో ఉన్న స్టీవ్ కాలీ, గ్రెగ్ థాంప్సన్, హోవర్డ్ పామర్ అనేవాళ్ళు ఇమ్లాక్ పీడీఎస్-1 అనే యంత్రం మీద ఒక ఆట చేశారు. తెర మీద గీతలతో గీసిన గల్లీలు, అందులో మనం నడుస్తున్నట్టు కనబడుతుంది. ఒక్కడే ఎంతసేపు నడుస్తడు? విసుగొచ్చింది. అప్పుడు రెండు యంత్రాలను వైరుతో కలిపారు. ఒక యంత్రం ముందు కూర్చున్నవానికి ఆ గల్లీలలో రెండో యంత్రం ముందున్నవాడు కనబడటం మొదలైంది. దాని పేరు మేజ్. తరువాత మేజ్ వార్ అన్నారు. 1974లో గ్రెగ్ థాంప్సన్ ఎమ్‌ఐటీ కాలేజీకి పోతూ ఆ ఆటను వెంట తీసుకపోతే, అక్కడ ఎనిమిది మంది దాకా ఆడేటట్టు తయారు చేశారు.

అదే 1973లో, అదే కాలిఫోర్నియాలో, జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్కాఫ్, డేవిడ్ బాగ్స్ అనే ఇద్దరు ఈథర్‌నెట్‌ను తయారు చేయడం మొదలు పెట్టారు. మన కంప్యూటర్ల వెనుక చతురస్రంగా, టెలిఫోన్ సాకెట్ కన్నా కొంచెం పెద్దగా ఉండే సందు ఆ ఈథర్‌నెట్‌దే. యాభై ఏండ్ల కింద పుట్టింది ఇప్పటికీ నడుస్తున్నది. మెట్కాఫ్‌కు 2022 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు దీనికే ఇచ్చారు.

ఇంకో సంగతి చెబితే నవ్వుతారు. 1992లో మైక్రోసాఫ్ట్ కంపెనీ ఆఫీసుల్లో కంప్యూటర్లను కలుపుకునేందుకు విండోస్ ఫర్ వర్క్‌గ్రూప్స్ అని ఒకటి తెచ్చింది. అందులో నెట్‌వర్క్ ఎట్ల పని చేస్తదో జనానికి అర్థమయ్యేందుకు వాళ్ళు పెట్టిన ఆట ఏందనుకున్నారు? హార్ట్స్ అనే పేకాట! (వార్డెన్ సార్, మనం అది ఆడబోవడం లేదు.)

ఆ తరువాత 1993 డిసెంబరులో డూమ్ వచ్చింది. వైరు మీద నలుగురు కలిసి ఆడేది. అది మొదట వచ్చినప్పుడు ఒకరికి పంపే సమాచారాన్ని నెట్‌వర్క్‌లో ఉన్న అందరికీ పంపేది. దాంతో చాలా ఆఫీసులలో, కాలేజీలలో అసలు పనులు ఆగిపోయే దాకా వచ్చి, ఆ ఆటను నిషేధించారు. కంపెనీ వాళ్ళు వెంటనే సరి చేశారు కాని, ఆటల మీద పెద్దలకు కోపం అప్పటి నుండే ఉన్నదని దీన్ని బట్టి తెలుస్తున్నది. 2000 తరువాత హైదరాబాద్‌లో అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి కౌంటర్ స్ట్రైక్ ఆడిన అన్నలు మన జిల్లాల నుండి చదువుకోను పోయినవాళ్ళలో ఎందరో ఉంటారు. వాళ్ళు ఆడింది కూడ ఇంటర్నెట్ మీద కాదు. ఆ గదిలో ఉన్న కంప్యూటర్లను కలిపి ఆడిందే ఎక్కువ.

సర్కారు బళ్ళ సంగతి కూడ ఒకటి చెప్పాలె. 2008 ప్రాంతంలో, తెలంగాణ ఇంకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నప్పుడు, 5000 సర్కారు హైస్కూళ్ళకు కంప్యూటర్లు ఇచ్చే పథకం వచ్చింది. తలకొక సీపీయూ కొనడం కాని పని కాబట్టి ఎన్‌కంప్యూటింగ్ అనే కంపెనీ చిన్న డబ్బాలు వాడారు. ఒక సీపీయూకు కొన్ని డబ్బాలు, ఒక్కో డబ్బాకు ఒక మానిటరు, కీబోర్డు, మౌసు. ఒకే పొయ్యి మీద వండి నలుగురికి వడ్డించినట్టన్నమాట. మనం చేయబోయేది అది కాదు. మనవి రెండు పొయ్యిలు, రెండు వంటలు. గోడ మీద నుండి కూర గిన్నెలు మార్చుకుంటున్నాం. పాత ల్యాబ్‌లలో ఆ డబ్బాల కోసం సీపీయూ వెనుక పెట్టిన కార్డుకు ఇట్లాంటి సందులే మూడో నాలుగో వరుసగా కనబడతాయి. అవి ఈథర్‌నెట్ సందులు కావు. అందులో మన వైరు పెట్టకండి, ఆట రాదు.

వైరు మీద పోయేది ఏంది?

చాలా మంది అనుకునేది ఏమంటే, ఈ తెర మీద బొమ్మ మొత్తం వైరు గుండా ఆ తెర మీదికి పోతదని. పోదు. దీన్ని పులి-మేక ఆటతో చెప్తాను.

మనం బండ మీద బొగ్గుతో గీసుకుని ఆడే పులి-మేకలో 3 పులులు, 15 మేకలు. ఇప్పుడు ఇద్దరు మిత్రులు గోడకు అటొకరు, ఇటొకరు కూర్చున్నారనుకోండి. ఇద్దరి ముందు ఒక్కో గీత పటం ఉంది. ఇద్దరి దగ్గర పులులకు చింతగింజలు, మేకలకు చిన్న రాళ్ళు ఉన్నాయి. పటంలోని చోట్లకు ఇద్దరూ ఒకే తీరుగా నంబర్లు వేసుకున్నారు. ఇవతలివాడు "మేకను 7లో పెట్టిన" అని కేకేస్తడు. అవతలివాడు తన పటం మీద కూడ 7లో రాయి పెడతడు. "పులి 3 నుండి 9కి దుంకింది" అంటే ఇవతల కూడ దుంకిస్తడు. గోడ దాటి పోయింది ఒక చిన్న మాట. పటం పోలేదు, రాళ్ళు పోలేదు. కాని రెండు పటాలు ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటాయి.

1997లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ సరిగ్గా ఇట్లనే పని చేస్తది. ఎనిమిది మంది ఆడినా, వందల కొద్ది సైనికులు నడుస్తున్నా, వైరు మీద పోయేది "ఫలానా గుంపు ఫలానా చోటికి పో" అనే ఆజ్ఞ మాత్రమే. నడిపించే లెక్క ప్రతి కంప్యూటర్ తనంతట తాను చేసుకుంటది. ఆ రోజుల్లో టెలిఫోన్ మోడెం మీద కూడ ఆడగలిగింది అందుకే. దాన్ని తయారు చేసిన ఇద్దరు ఇంజనీర్లు 2001లో ఈ పద్ధతిని వివరంగా రాశారు. అందులో ఒక జింక సంగతి ఉంది. ఆట మొదట్లో ఒక కంప్యూటర్‌లో ఒక జింక కొంచెం పక్కకు తిరిగి ఉంటే, అది మేత కోసం పోయే దారి మారుతది. దాని వెంట పోయిన వేటగాని దారి మారుతది. ఇక్కడ ఈటె తగిలితే అక్కడ తప్పుతది. ఇక్కడ మాంసం ఇంటికి చేరితే అక్కడ చేరదు. కొన్ని నిమిషాలల్లో రెండు ఆటలు రెండు దారులు పడతాయి. మన గోడ ఆటలో ఒకడు 7 అంటే ఇంకొకడు 6లో పెడితే ఎట్లుంటదో అట్లనే. అందుకే రెండు కంప్యూటర్లలో ఆట ఒకే వెర్షన్ ఉండాలి. ఒక దాంట్లో పాతది, ఒక దాంట్లో కొత్తది పెట్టి "కలుస్తలేదు" అని ఏడిస్తే లాభం లేదు.

వైరు తయారు చేసుడు

కేబుల్ కొనేటప్పుడు క్యాట్ ఫైవ్ ఈ అని అడగండి. అచ్చంపేట, కల్వకుర్తి, దేవరకొండ వంటి ఊర్లలో కంప్యూటర్ రిపేరు షాపుల్లో మీటర్ల లెక్కన కోసి ఇస్తరు. మనకు ఐదు మీటర్లు చాలు. దానికి రెండు చివర్ల పెట్టే ప్లాస్టిక్ పిన్నులను ఆర్జే 45 అంటారు. ఒత్తేటప్పుడు చెడిపోతే మళ్ళీ పనికి రావు కాబట్టి నాలుగైనా తెచ్చుకోవాలి. ఒత్తే పట్కారును క్రింపింగ్ టూలు అంటారు. కొనే పని లేదు, ఊర్లో నెట్ కనెక్షన్లు ఇచ్చే అన్న దగ్గర ఉంటది, అడిగితే ఆయనే ఒత్తి ఇస్తడు.

పై తొక్క తీస్తే లోపల ఎనిమిది సన్నని వైర్లు, రెండు రెండు చొప్పున పెనవేసుకుని ఉంటాయి. ఎందుకు పెనవేసిండ్రు? ఒక జతలోని రెండు వైర్లలో ఒకే సంకేతం ఒకదానికొకటి ఎదురుగా పోతది. అంటే ఒక దాంట్లో ఎక్కువైతే రెండో దాంట్లో తక్కువైతది. ఫ్యాను మోటారు, ట్యూబ్‌లైటు వంటి వాటి నుండి వచ్చే అలజడి మాత్రం రెండు వైర్ల మీద ఒకే తీరుగా పడతది, ఎందుకంటే పెనవేసుకుని దగ్గర దగ్గరగా ఉన్నాయి. అవతలి కంప్యూటర్ రెండింటి మధ్య తేడాను మాత్రమే చూస్తది. తేడా తీస్తే అలజడి కొట్టుకపోయి సంకేతం మిగులుతది. తొమ్మిదో తరగతి వాళ్ళు దీన్ని బీజగణితంలో రాసి చూడండి: (స + అ) నుండి (-స + అ) తీసివేస్తే 2స. "అ" మాయం! ఇంత తెలివిని ఇంత సన్నని వైరులో పెట్టినందుకు ఎవరికైనా దండం పెట్టాలనిపిస్తది. అందుకే పిన్ను పెట్టేటప్పుడు పెనను ఎక్కువ విప్పగూడదు. అర అంగుళం చాలు.

ఇగ రంగుల వరుస. ఎడమ నుండి కుడికి, పిన్ను కొక్కెం కిందికి ఉండేటట్టు పట్టుకుని:

ఒక చివర – తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ.

రెండో చివర – తెలుపు ఆకుపచ్చ, ఆకుపచ్చ, తెలుపు నారింజ, నీలం, తెలుపు నీలం, నారింజ, తెలుపు గోధుమ, గోధుమ.

పుట్టపాకలో ఇక్కత్ నేసేవాళ్ళు నూలుకు ముందే రంగు అద్ది, వరుస తప్పకుండ మగ్గం మీద పేరుస్తరు. ఒక్క పోగు పక్కకు జరిగితే పువ్వు విరిగిపోతది. ఇదీ అంతే. కాకపోతే ఇక్కడ విరిగింది కంటికి కనబడదు.

రెండు చివర్ల వరుసలో తేడా చూశారా? నారింజ జత, ఆకుపచ్చ జత చోట్లు మార్చుకున్నాయి. కంప్యూటర్ 1, 2 నంబర్ల వైర్ల మీద మాట్లాడుతది. 3, 6 నంబర్ల మీద వింటది. రెండు చివర్ల ఒకే వరుస పెడితే ఇద్దరి నోళ్ళు ఒకదానికొకటి అతుక్కున్నట్టు. ఇద్దరూ అరుస్తరు, ఎవరికీ వినబడదు. నా నోరు నీ చెవికి, నీ నోరు నా చెవికి కలవాలి. ఇట్ల మార్చి పెట్టిన వైరును క్రాస్ కేబుల్ అంటారు. కొత్త కంప్యూటర్లలో చాలా వరకు ఈ మార్పును అవే చేసుకుంటాయి, వాటికి ఏ వైరు అయినా నడుస్తది. మనలాంటి పాత వాటికి మాత్రం క్రాస్ కేబుల్ పెడితే నిశ్చింత.

ఎలుకలు కొరికిన వైరును పారేసే ముందు ఒక మాట. నీలం, గోధుమ జతలు తెగినా పాత 100 మెగాబిట్ల కార్డుల మీద పని సాగుతది, ఎందుకంటే అవి వాడేది నారింజ, ఆకుపచ్చ జతలనే.

వేగం ఎంతనో లెక్క చేద్దాం. 100 మెగాబిట్లు అంటే సెకనుకు పది కోట్ల బిట్లు. 8 బిట్లు ఒక బైటు కాబట్టి సెకనుకు 12.5 మెగాబైట్లు. 700 మెగాబైట్ల సీడీ మొత్తం 56 సెకన్లు. (నిజంగా ఇంకొంచెం ఎక్కువే పడతది.) పూర్వం డూమ్ ఆడినవాళ్ళు వాడిన సీరియల్ వైరు మీద సెకనుకు ఎక్కువలో ఎక్కువ 1,15,200 బిట్లు పోయేవి. అందులో ఒక్కో బైటుకు ముందు వెనుక గుర్తులతో కలిపి 10 బిట్లు పడతాయి. అదే సీడీ ఆ వైరు మీద పంపితే దాదాపు పదిహేడు గంటలు! అయినా వాళ్ళు ఆడుకున్నారు, ఎందుకంటే పైన చెప్పినట్టు పోయేవి చిన్న మాటలే.

చిరునామా, కేక

వైరు పెట్టగానే సందు దగ్గర చిన్న లైటు వెలగాలి. వెలగకపోతే కంప్యూటర్‌ను తిట్టకండి, పిన్ను చూడండి.

లైటు వెలిగిన తరువాత రెండు కంప్యూటర్లకు చిరునామాలు ఇవ్వాలి. విండోస్ 7లో కంట్రోల్ ప్యానెల్, నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్, చేంజ్ అడాప్టర్ సెట్టింగ్స్ – ఈ దారిన పోయి లోకల్ ఏరియా కనెక్షన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4 మీద రెండుసార్లు నొక్కితే గళ్ళు వస్తాయి. కిటికీ దిక్కు కంప్యూటర్‌లో 192.168.1.1, తలుపు దిక్కు దాంట్లో 192.168.1.2 రాయండి. కింది గడిలో, అంటే సబ్‌నెట్ మాస్క్ దగ్గర, రెండింటిలో 255.255.255.0. గేట్‌వే గడి ఖాళీగా వదిలేయండి. గేట్‌వే అంటే ఊరి బయటికి పోయే దారి. మనకు ఊరి బయట పని లేదు.

ఈ నంబర్ల అర్థం ఏమిటంటే, 255 ఉన్న మూడు చోట్లు తండా పేరు, 0 ఉన్న చివరి చోటు ఇంటి నంబరు. తండా ఒకటే ఉండాలి, ఇంటి నంబర్లు వేరు ఉండాలి. ఇద్దరికీ ఒకే ఇంటి నంబరు ఇస్తే కొట్లాట. ఒక్కో చోట 0 నుండి 255 వరకే ఎందుకు? 8 బిట్లతో 256 సంఖ్యలే వస్తాయి కనుక. 192.168 తో మొదలయ్యే చిరునామాలను ఇట్ల సొంతంగా ఇండ్లల్లో, బళ్ళల్లో వాడుకోవడానికని ఎప్పుడో విడిచిపెట్టారు. ప్రపంచంలో కోట్ల ఇండ్లల్లో ఇవే నంబర్లున్నాయి, అయినా తగువు లేదు.

ఇప్పుడు కేకేసి చూడాలి. అడవిలో తేనెకు పోయినవాళ్ళు దూరమైతే "కూ" అని ఒకరు కేకేస్తే ఇంకొకరు తిరిగి కూత పెడతరు చూడండి, కంప్యూటర్‌లో ఆ పని చేసేదాని పేరు పింగ్. 1983 డిసెంబరులో మైక్ మ్యూస్ అనే ఆయన రాశాడు. నీళ్ళ కింద జలాంతర్గాములు శబ్దం పంపి తిరిగి వచ్చేది వినే పద్ధతి నుండి ఆ పేరు పెట్టాడు. నల్ల తెర, అంటే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లీషు అక్షరాలల్లో పింగ్ అని రాసి, జాగా విడిచి, అవతలి చిరునామా కొట్టండి. జవాబు వస్తే ఒక మిల్లీ సెకను కంటె తక్కువ అని చూపిస్తది. ఇక్కడి నుండి అమెరికాలోని కంప్యూటర్‌కు కేకేస్తే తిరిగి రావడానికి 200 మిల్లీ సెకన్లకు పైనే పడతది. ఇంటర్నెట్ ఆటల కన్న మన వైరు ఆట చురుకుగా ఉండేది ఇందుకే.

"రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" అని వస్తే? లైటు వెలుగుతున్నది, నంబర్లు సరిగ్గా ఉన్నాయి, అయినా జవాబు లేదు. పది మందిలో తొమ్మిది మంది ఇక్కడే విడిచిపెట్టి పోతరు. కారణం ఫైర్‌వాల్. అది ఇంటి ముందటి కాపలాదారు. గేట్‌వే లేని కనెక్షన్‌ను విండోస్ గుర్తు పట్టదు. గుర్తు తెలియని చోటు అంటే బజారు లెక్కనే అనుకుని తలుపు గట్టిగ మూసుకుంటది, కేకకు కూడ పలకదు. వైరు తప్పు కాదది. కొంతమంది ఫైర్‌వాల్‌ను శాశ్వతంగా తీసేయమంటరు. నాకు అది నచ్చదు. రేపు ఎవరైనా ఆ కంప్యూటర్‌కు ఫోన్‌తో నెట్ కలిపితే తలుపులు తెరిచిన ఇల్లయితది. ఆటను మొదటిసారి తెరిచినప్పుడు "దీన్ని అనుమతించాలా?" అని అడుగుతది, అక్కడ ఉన్న రెండు గళ్ళల్లోనూ టిక్కు పెట్టి అనుమతిస్తే ఆ ఆటకు మాత్రమే తలుపు తెరుచుకుంటది. అడ్మిన్ పాస్‌వర్డ్ కంప్యూటర్ సార్ దగ్గర ఉంది కాబట్టి ఈ పని సార్ ఎదుటనే చేయాలి.

ఏ ఆట ఆడాలె?

కాల్చుకునే ఆటలు నేను వద్దనే అంటాను. నీతి చెప్పడానికి కాదు. వాటిలో వేళ్ళు చురుకైన ఒక్కడే ఆడగలడు, వెనుక ఉన్న నలుగురు ఉత్త చూపరులే. మనకు కావలసింది జట్టుగా కూర్చుని ఆలోచించే ఆట. బ్యాటిల్ ఫర్ వెస్నోత్ అని ఒకటుంది. 2003లో డేవిడ్ వైట్ అనే ఆయన మొదలు పెడితే ఎందరో కలిసి పెంచారు. పైసలు లేవు, దొంగ కాపీ అనే భయం లేదు. వంతుల వారీగా నడుస్తది, పులి-మేక లెక్కనే. వంతుకు టైము కూడ పెట్టుకోవచ్చు. రెండవది ఫ్రీసివ్. డెన్మార్క్‌లోని ఆర్హూస్ యూనివర్సిటీ విద్యార్థులు ముగ్గురు 1995లో మొదలు పెట్టింది. ఊర్లు కట్టడం, పొలాలు దున్నడం, లిపి, చక్రం, లోహం ఒకదాని తరువాత ఒకటి కనుక్కోవడం. సోషల్ పాఠం చదివినవానికి ఇందులో లాభం ఉంటది. ఇది చాలా పాత కంప్యూటర్ల మీద కూడ నడుస్తది. రెండింటిలో ఏదైనా సరే, ఒక కంప్యూటర్ ఆటను నడిపే యజమాని అవుతది, రెండోది దాని చిరునామా కొట్టి చేరుతది.

వంతుల సంగతి ఇట్ల పెట్టుకుందామని నా ప్రతిపాదన. ఒక్కో కంప్యూటర్‌కు ఐదుగురి జట్టు. జట్టులో పదో తరగతి అన్న నుండి ఆరో తరగతి తమ్ముని దాకా కలిసి ఉండాలి, గదుల వారీగా కాదు. మౌసు ఎప్పుడూ జట్టులో అందరికన్న చిన్నవాని చేతిలో. అన్నలు నోటితో చెప్పాలె, చెయ్యి పెట్టొద్దు. ఐదు వంతులకు ఒకసారి మౌసు తరువాతి చిన్నవానికి పోతది. అరగంటకు జట్లు మారితే ఒక ఆదివారానికి ముప్పై మంది. పోటీ ఓడిపోతమని పెద్దోళ్ళు గులుగుతరు, నాకు తెలుసు. అవతలి జట్టుకు కూడ మౌసు చిన్నోని చేతిలనే ఉంటది కదా!

వార్డెన్ సార్ల దృష్టికి: పెద్ద చదువుల చోట కూడ ఈ బాధ వచ్చింది. 2007లో ఐఐటీ బొంబాయి హాస్టళ్ళలో పిల్లలు రాత్రంతా ఆటలు, నెట్ మీద ఉండి పొద్దున క్లాసులకు రావడం లేదని, రాత్రి 11 నుండి మర్నాడు మధ్యాహ్నం 12:30 వరకు హాస్టల్ గదులకు ఇంటర్నెట్ ఆపేశారు. వాళ్ళు టైము కట్ చేశారు గాని వైర్లు పీకలేదు. ఆదివారం గంటన్నర దాటి ఒక్క నిమిషం కూడ మేము అడగడం లేదు. పైగా ఇదే వైరు మీద ఇంకో పని ఉంది. పదో తరగతి పాత ప్రశ్న పత్రాలు ఒక కంప్యూటర్‌లో ఉన్నాయి, ప్రింటరు రెండోదానికి ఉంది. ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లో మోస్తున్నాం, పెన్‌డ్రైవ్‌తో పాటు వైరస్ కూడ మోస్తున్నాం. రెండూ కలిస్తే షేరింగ్ పెట్టుకుని ఎక్కడ కూర్చున్నా ప్రింటు తీయవచ్చు.

జాగ్రత్త విషయం ఒకటి గట్టిగ చెప్పాలె. ఈ వైరులో పోయే సంకేతం చాలా చిన్నది, ముట్టుకుంటే ఏమీ కాదు. కాని సీపీయూకు వచ్చే కరెంటు 230 వోల్టులు. ఎర్తింగ్ సరిగా లేని చోట సీపీయూ డబ్బా ముట్టుకుంటే జిల్లుమంటది. అట్లాంటి డబ్బాను ఇంకో డబ్బాతో కలపకండి, ముందు సార్‌కు చెప్పండి. వైరును ల్యాబ్ గదిలోనే గోడ వెంట పోనియ్యాలి. ఆఫీసు బిల్డింగులోని కంప్యూటర్‌కు ఆరుబయట నుండి లాగుదామని కొందరు అంటున్నారు. వైరు 100 మీటర్ల దాకా పనిచేసే మాట నిజమే, కాని మన దిక్కు ఎండకాలం చివర ఉరుముల వానలు ఎట్లుంటాయో తెలుసు కదా. పిడుగు దగ్గరల పడితే బయట ఉన్న రాగి వైరు గుండా దెబ్బ రెండు కంప్యూటర్లకూ తగులుతది. ఉన్నవి రెండే! ఉరుము వినబడితే ప్లగ్గుతో పాటు ఈ వైరు కూడ పీకేయాలి.

ఐదు మీటర్ల క్రాస్ కేబుల్ ఒకటి తయారై ల్యాబ్ బీరువా కింది అరలో ఉంది. అనుమతి వస్తే, ఆదివారం పొద్దున టిఫిన్ తరువాత జట్ల పేర్లు ఈ గోడపత్రిక కిందనే అతికిస్తాం. పేరు ఇవ్వదలచినవాళ్ళు తరగతి, గది నంబరు రాసి లీడర్‌కు ఇవ్వండి. ఆరో తరగతి వాళ్ళు ముందు.